తలకాయ కూరలో కంటిపూస

మా ఇంట్లో తలకాయ కూర వండితే మేక కళ్లు రెండూ నాకే. కన్ను తింటే చూపు బాగుంటుందని మా ఊరు అత్వెల్లిలో పిల్లల కంచంలోనే వేసేవాళ్లు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, గిన్నెలో గరిటె తిప్పి వెతికి మరీ నాకు వేసేది. నేను ఇంటర్‌లో బైపీసీ చదివే నాటికి ఆమె గరిటె వదిలేసి వేళ్లతో తడుముతోంది. రెండు కళ్లకూ శుక్లాలు. నన్ను అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టేది.

మేడ్చల్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తామన్నారు. అవ్వ ససేమిరా అంది.

"గుడ్డు వీకి, కడిగి, మళ్ల వెడ్తరట. సక్కగ కూసోకపోతే? గింత మసక మసకనన్న కనవడ్తాంది, గదిగూడ పోతది. నేను రాను పో!"

నాయిన బతిమాలాడు, అలిగాడు. ఇంకా ఆలస్యమైతే ఆ మసక చూపు కూడా దక్కదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత చెప్పినా వినదే! ఆ ఆదివారం నా కంచంలో పడ్డ కంట్లోంచి తెల్లటి పూస తీసి అవ్వ చేతిలో పెట్టాను.

"అవ్వా, ఇదేంది?"

"కంట్ల పూస. నాకు తెల్వదా?"

"పచ్చిగున్నప్పుడు గూడ గిట్లనే తెల్లగుంటదా?"

"కాదే, నీళ్ల లెక్క తేటగుంటది. ఉడికితెనే తెల్లగైతది."

"నీ కంట్ల గదే తెల్లగైంది. గా పూసను తీసి ప్లాస్టిక్‌ది వెడ్తరు. గుడ్డు జోలికే వోరు."

అవ్వ పూసను వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"అయితే నా కన్నును ఎవ్వరు వండిన్రే?"

నాకు నవ్వాగలేదు. వయసు వండిందన్నాను. నల్లగుడ్డు మధ్యలో చిన్న కిటికీ లాంటిది ఉంటుందని, వెలుతురు అందులోంచి దూరి, పూస గుండా పోయి వెనకున్న తెర మీద బొమ్మై పడుతుందని చెప్పాను. ఆ బొమ్మ తలకిందులుగా పడితే మెదడే సరిచేసుకుంటుందన్నాను. నీ తెర బాగానే ఉందని డాక్టరు అన్నాడనీ చెప్పాను.

"ఓయమ్మో! ఇన్నొద్దులు మీ నాయినను తలకిందులుగ జూసిన్నా?" అంది. మర్నాడు తనే "పోదాం తీ" అని చీర మార్చుకుంది.

ముందు ఒక కంటికి చేశారు. కట్టు విప్పిన పొద్దున, మొదట నన్నే చూడాలని అందరికన్నా ముందు నిలబడ్డాను. చూసింది. "మస్తు పెద్దగైనవే!" అని బుగ్గ గిల్లింది. తర్వాత నా వెనకున్న నాయినను చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"నీ ఎంటికెలు ఎప్పుడు తెల్లగైనయి కొడుకా?"

నాయిన తల తడుముకుని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. రోజూ చూస్తున్న నాకు కూడా ఆ తెలుపు అప్పుడే కనిపించింది.

పథ్యం తీరాక అవ్వ మళ్లీ తలకాయ కూర వండింది. ఈసారి తడమలేదు. గరిటెతో కళ్లు రెండూ ఏరి నాయిన కంచంలో వేసింది.

"నాకెందుకవ్వా, పిల్లకెయ్యి" అన్నాడు.

"తిను బిడ్డా" అంది అవ్వ.

నాయిన తల వంచుకుని తిన్నాడు.