ఇంటివాళ్ళు చెప్పిన బరువు

సాలొమోను ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రి శవాగారంలో టెక్నీషియన్. దూరం పోవలసిన శవాలు దారిలో పాడవకుండా నరాల్లోకి ఎక్కించే మందు కలపడం అతని పని. ఐదు కిలోల ఒంటికి లీటరు మందు, లీటరుకు యాభై గ్రాముల ఫినాల్ పలుకులు. యాభై కిలోల మనిషికి పది లీటర్లు, అరకిలో పలుకులు. తక్కువైతే నాగపూరు దాటకముందే వాసన వస్తుంది. ఎక్కువైతే ముఖం ఉబ్బి పోలిక మారిపోతుంది.

కొత్తగా చేరినవాళ్ళకు అతను ముందుగా చెప్పేది ఒకటే. ఇంటివాళ్ళు చెప్పిన బరువు రాసుకోవద్దు. వాళ్ళు అబద్ధమాడరు, జబ్బుకు ముందటి బరువే వాళ్ళకు గుర్తుంటుంది. కాటా మీద పెట్టి తూచాలి.

1979 చలికాలంలో అతని భార్య రెబ్కా కడుపులో కేన్సరుతో అదే ఆసుపత్రిలో పోయింది. రేపల్లె నుంచి అత్త కాంతమ్మ ట్రంకాల్ చేయించింది, కూతురి ముఖం చూడనిదే మట్టి చెయ్యొద్దని. ఫరీదాబాద్‌లో చర్చివాళ్ళు స్థలం ఇస్తామన్నా సాలొమోను వద్దన్నాడు. మందు తానే కలుపుతానన్నాడు.

రెబ్కాకు చివరిదాకా సేవ చేసిన నర్సు సరళకుమారి లోపలికి వచ్చేసరికి త్రాసు పళ్ళెంలో అరకిలో పలుకులున్నాయి.

"ఇది ఎవరికి అన్నా?"

"రెబ్కాకే. పెళ్ళయి వచ్చినప్పుడు స్టేషన్లో బరువు మిషనెక్కి చూసుకుంది. యాభై."

"ముప్పై కూడా ఉండదన్నా ఇప్పుడు. రోజూ నేనే గదా ఎత్తి పడుకోబెట్టింది."



"వాళ్ళమ్మ చూసింది ఆ రెబ్కానే," అన్నాడు.

"అంత మందెక్కిస్తే ఏ రెబ్కా కనపడదు."

ఇద్దరూ కలిసి ఆమెను కాటా మీదికి చేర్చారు. సాలొమోను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సరళకుమారి అంకె చదివింది. ఇరవై ఐదు.

అతను చెంచాతో సగం పలుకులు తీసి సీసాలో పోశాడు. కొన్ని బల్లమీద పడ్డాయి. మళ్ళీ తూచాడు.

మద్రాసు రైలు బ్రేక్‌వాన్‌లో, సామాన్లతోపాటు, పెట్టె వచ్చింది. తెనాలిలో దింపి, వ్యాన్‌లో రేపల్లె చేర్చారు. మూత తీశాక కాంతమ్మ కూతురి చెంపలు తడిమింది. ముఖం చెదరలేదు. ఎముకలు ఎక్కడివక్కడ చేతికి తగిలాయి.

"ఇంత చిక్కిపోతే ఒక్క ముక్క రాయలేదేం అల్లుడా?"