రెండోసారి అడగని ఇల్లు

మా అమ్మ కాఫీ కావాలని నోరు తెరిచి అడగడం నేనెప్పుడూ వినలేదు. ఎవరింటికైనా వెళ్తే మొదటిసారి వద్దంటుంది. రెండోసారి "ఇప్పుడే తాగొచ్చినామప్పా" అంటుంది. మూడోసారి గ్లాసు తెచ్చి చేతిలో పెడితే ఊదుకుంటూ చుక్క మిగల్చకుండా తాగేస్తుంది. ఒక్కసారి అడిగి ఊరుకునేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. వాళ్ళింటి గడప దాటగానే మొదలుపెట్టేది, "నోటిమాటకి అడిగింది చూడు, మహాతల్లి" అని.

ఇలాంటి మనిషి కడుపున పుట్టి నేను చేసే ఉద్యోగమేమిటంటే గోడలకి మాటలు నేర్పడం. మేముండే ఊరికి ఆ చివర, హూడిలో మా ఆఫీసు. నోటితో చెబితే లైటు వెలిగే, ఫ్యాను తిరిగే ఇళ్ళు తయారుచేస్తారు మావాళ్ళు. ఆ ఇల్లు మనిషిని ఏమని అడగాలి, జవాబు వచ్చాక ఏమనాలి అన్నది తెలుగులో రాసేది నేను. మా చుట్టాలకి ఈ పని ఇప్పటికీ అర్థం కాలేదు. "గోడతో మాట్లాడేదానికి జీతమిస్తారా?" అని నవ్వుతారు.

ఈమధ్య పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం కొత్త పని మొదలైంది. మనిషి ఊపిరి ఎగపోస్తున్న చప్పుడు వినిపిస్తే ఇల్లే పలకరిస్తుంది. "అమ్మా, ఆయాసంగా ఉందా? మీ అమ్మాయికి ఫోన్ చేయమంటారా?" ఈ మాటలు నేనే రాశాను. రాసేటప్పుడు నా కళ్ళముందు ఉన్నది మా అమ్మే. మా ఇంటి దగ్గరే, బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఏళ్ళతరబడి మిషన్ మీద కూర్చుని, ఆ గుడ్డల నుసంతా పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. ఆయాసం మొదలైతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్న పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. పొద్దున నేను హూడికి వెళ్తే తిరిగొచ్చేదాకా ఆవిడ ఒక్కతే.

గొడవంతా "వద్దు" అన్న జవాబు దగ్గర వచ్చింది. వద్దంటే ఇల్లు "సరే అమ్మా" అని చెప్పి ఆ రోజుకి మళ్ళీ అడగకూడదని మా టీమ్ లీడ్ అన్నాడు. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"వద్దంటే వద్దనే అండీ. యూజర్ మాటకి రెస్పెక్ట్ ఇవ్వాలి కదా. పదేపదే అడిగితే విసుగొచ్చి ప్లగ్ పీకేస్తారు."

"మొదటి వద్దు మర్యాదకంటారు. మూడుసార్లు అడగాలి," అన్నాను.

"మీ బాధ నాకర్థమైంది. మా అమ్మా అంతే."

"మరి?"

"అది ఇల్లండీ. ఇది ప్రోడక్టు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికోసం చేసే వస్తువు ఇల్లు కాకపోతే ఇంకేమిటి? ప్రతి మీటింగులోనూ ఇదే పాట పాడాను. చివరికి నేను నోరు విప్పగానే అందరూ ల్యాప్‌టాపుల్లోకి తలలు దించేసేవాళ్ళు. నా మాట నెగ్గలేదు. కొన్నాళ్ళు వాడి చూడడానికి ఎంచుకున్న ఇళ్ళలో మా ఇల్లూ ఉంది. ఏమీ లేనిదానికన్నా నయమనుకుని పెట్టించాను.

అమ్మకి అది ముద్దొచ్చింది. "గోడలో పిల్ల" అని పేరు పెట్టింది. లైటు వేయమనడానికి మొహమాటపడేది. "కొంచెం చీకటిగా ఉండాది కదా పాపా" అని గోడవైపు చూసి ఊరుకునేది. మధ్యాహ్నం పళ్ళెం ముందు పెట్టుకుని "నువ్వు తిన్యావా?" అని దాన్ని అడిగేది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆవిడ దాన్ని పరాయింటి ఆడపిల్లలాగా చూస్తోందని, దాని దగ్గర కూడా మర్యాద పాటిస్తుందని నవ్వుతూనే గ్రహించాను. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

ఆవేళ భోజనాల టైములో రోజూలాగే ఫోన్ చేశాను.

"ఎట్లుండావమ్మా?"

"బాగుండాను పాపా."

గొంతు తేడాగా ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. మళ్ళీ అడిగాను.

"ఏం లేదులే. నువ్వు తిను."

"అమ్మా, నిజం చెప్పు. రానా?"

చాలా చిన్నగా అంది, "వచ్చేయ్ పాపా. పొద్దున్నించీ ఊపిరాడలా. గోడలో పిల్ల అడిగింది. నేనే వద్దులేమ్మా అంటిని. అది మళ్ళీ అడగలా."

మా పైన ఉండే ఓనరమ్మకి ఫోన్ చేసి కన్నడంలో ఏదేదో అరిచాను. పాపం ఆవిడ పరుగెత్తుకెళ్ళి అమ్మని ఆటోలో దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నేను క్యాబ్ ఎక్కాను. హూడి నుంచి బొమ్మనహళ్ళి ఎంత దూరమో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర బండి కదలదు. డ్రైవర్‌ని బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. అతను మాత్రం ఏం చేస్తాడు, ముందున్న బస్సు వెనకభాగం చూపించాడు. దిగి పరుగెత్తుదామా అనుకున్నాను, ఎక్కడికని పరుగెత్తను? ఆ కాసేపట్లో నాకు దేవుడు కూడా గుర్తురాలేదు. "అది మళ్ళీ అడగలా" అన్న మాటే చెవుల్లో తిరిగింది. ఆవిడ ఎదురుచూసింది. పొద్దున్నుంచీ ఆ గోడవైపు చూస్తూ, ఇంకోసారి అడిగితే సరేనందామని కూర్చుంది.

నేను వెళ్ళేసరికి ఐసీయూలో పెట్టేశారు. నోట్లో గొట్టం, చేతికి సూదులు. ఇప్పుడు ఆవిడని కావాలా వద్దా అని ఎవరూ అడగడం లేదు. ఆలస్యంగా తెచ్చారని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. నేను ఆయన చేయి పట్టుకుని వదల్లేదు. నర్సు వచ్చి విడిపించింది.

మర్నాడు పొద్దున అమ్మకి తువ్వాళ్ళు, నైటీలు తీసుకెళ్దామని ఇంటికొచ్చాను. మంచం పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు ఉంది. సగం తాగి వదిలేసింది, పైన మీగడ కట్టింది. కాఫీ చుక్క వదిలే మనిషి కాదు ఆవిడ. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళొచ్చి ఊపిరి అందలేదు.

గోడ పలికింది. "అమ్మా, ఆయాసంగా ఉందా? మీ అమ్మాయికి ఫోన్ చేయమంటారా?"

"వద్దులేమ్మా," అన్నాను. అమ్మ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు.

"సరే అమ్మా," అంది.

ఇంకోసారి అడుగుతుందేమోనని గోడవైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అడగలేదు.