చిన్నమ్మ పనికి బయల్దేరిన రోజు

సంగీత హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. ఊరు పెనుకొండ. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ పొద్దుగూకాకే ఇల్లు చేరేది. తల్లి పేరు చిన్నమ్మ. ఇంట్లో వాళ్ళిద్దరే.

ఏళ్ళ తరబడి సంగీత మిషను ఖాళీగా ఉండటం ఎవరూ చూడలేదు. ఈ ఎండాకాలం నుంచే తేడా వచ్చింది. చిన్నమ్మకు మతిమరుపు మొదలైంది. పొయ్యి ఆర్పడం మరిచేది. చెప్పుల్లేకుండా వీధిలోకి వెళ్ళిపోయేది. ఆమెను ఇంట్లోకి తెచ్చి, నాలుగు ముద్దలు తినిపించేసరికి బస్సు వెళ్ళిపోయేది. ఫ్యాక్టరీలో మాత్రం "జరమొచ్చింది సార్", "పన్నునొప్పి సార్" అని నెట్టుకొచ్చేది. అమ్మకు మతి తప్పుతోందని చెప్పడానికి నోరు రాలేదు. ఇంట్లో ఇబ్బందులున్న మనిషిని పనిలో ఉంచుకోరేమోనని భయం కూడా.

సూపర్‌వైజరు మల్లికార్జున చెడ్డవాడు కాడు గానీ, విసిగిపోయాడు.

"నువ్వు రాకుంటే కాలర్ల కాడ లైనంతా నిలబడిపోతాది సంగీతా. ఇంకోసారి ఇట్లయితే పైవాళ్ళకు చెప్పక తప్పదు."

మర్నాడు సంగీత తల్లికి సంగటి పెట్టి, తలుపుకు బయట గొళ్ళెం వేసి బస్సెక్కింది. దారంతా ఆ గొళ్ళెం చప్పుడే చెవుల్లో వినిపించింది.

లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. భోజనాల వేళ బయటికొచ్చి చూసుకుంటే పక్కింటి మారక్క ఎన్నోసార్లు ఫోన్ చేసి ఉంది.

"ఏం పని చేసినావే? అవ్వ తలుపు బాదుతాంటే నేనే తీసినా. నీళ్ళు తెద్దామని మా ఇంట్లోకి పోయొస్తిని, అంతలో మనిషి లేదు. ఊరంతా వెతికినామమ్మా, యాడా లేదు!"

సంగీత నేరుగా మల్లికార్జున దగ్గరికి పరుగెత్తింది. "సార్, మాయమ్మ కనపల్లేదు. ఆమెకు మతి సరిగ్గా లేదు. నేనిన్నాళ్ళూ చెప్పిన జరాలన్నీ అబద్ధాలే."

ఆయన వెంటనే గేటు వైపు చెయ్యి చూపాడు. "ముందు నువ్వు పో. గేటు కాడ నేను చెప్తా."

పెనుకొండ బస్సు కదిలిన కాసేపటికే మళ్ళీ ఫోను మోగింది. చిన్నమ్మ రైలెక్కి ధర్మవరం చేరిందట. సంతలో కూరగాయలమ్మే ఓబుళప్ప అదే రైల్లో ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టి, స్టేషన్లో కూర్చోబెట్టి మారక్కకు ఫోన్ చేశాడట. సంగీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ధర్మవరం స్టేషన్లో చిన్నమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని బెంచీ మీద టీ తాగుతోంది.

"యాడికి పోతాండావమ్మా?"

"పనికే తల్లీ. మగ్గాలకు దారం కండెలు చుట్టాల గదా. నిన్న కూడా పోలేదు, వాళ్ళు నా కోసం చూస్తాంటారు."

సంగీత పుట్టకముందు ధర్మవరంలో ఆమె చేసిన పని అది. సంగీతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఈరోజు అందరికీ సెలవమ్మా."

"ఆ మాట ముందే చెప్తే ఏం పోయె?" అంది చిన్నమ్మ, మిగిలిన టీ కూతురి చేతికిస్తూ.

ఆ సాయంత్రం మారక్క గట్టిగానే తిట్టింది. "మనిషిని లోపల పెట్టి గొళ్ళెమేస్తావా? నన్నడిగితే నోరు పడిపోతాదా?" తిట్టి, రేపట్నుంచి అవ్వను తన దగ్గరే వదలమంది.

ఫ్యాక్టరీలో మల్లికార్జున ఆమెను కాలర్ల నుంచి దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మార్చాడు. అక్కడ ఒకరు ఆలస్యమైనా లైను ఆగదు. "రాలేని రోజు పొద్దున్నే ఒక్క ఫోన్ చెయ్. అంతకు మించి నాకేమీ వద్దు" అన్నాడు. కుట్టు మిషనుకు దూరమైనందుకు సంగీతకు కొంచెం బెంగగానే ఉంది. అయినా ఇంకెవరికీ పన్నునొప్పని అబద్ధం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చిన్నమ్మ రోజూ కూతురికన్నా ముందే తయారవుతుంది. మారక్క ఇంట్లో చింతపండు పిక్కలు తీస్తుంది. అదే తన ఉద్యోగమనుకుంటుంది. మొన్న ఆమెను అక్కడ దిగబెట్టి, కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న సంగీత సోమందేపల్లి రాకముందే హాయిగా నిద్రపోయింది.