సిదోనీ పళ్ళెంలో కసాయి ముక్క

కసాయి ఆన్సెల్మ్‌కి కత్తికన్నా నాలుకే పదునని షరోల్ ఊరంతా చెప్పుకునేది. తెల్లెడ్లు మేసే బీళ్ళ మధ్య పుట్టి, పెద్దవీధిలో మాంసం కొట్టు పెట్టి, అందులోనే ముసలివాడయ్యాడు. అతని మతమల్లా ఒకటే మాట: సేన్యాఁ. అంటే నెత్తురోడేది అని. పెనం పొగలు కక్కుతుండగా ముక్క వెయ్యాలి, అటొకసారి ఇటొకసారి చురుక్కుమనిపించి తీసెయ్యాలి. కత్తి దిగితే ఎర్రటి రసం పళ్ళెంలోకి ఊరాలి, దాన్ని రొట్టెతో తుడుచుకు తినాలి. హోటల్లో కూర్చుని ఈ ఒక్క మాట అంటే చాలు, వీడు మనవాడేనని లోపల వంటవాడు తేల్చుకుంటాడు.

ఒకసారి బడి పంతులమ్మ మదాం వుయోఁ నోరు జారింది. "నేను బాగా కాల్చుకుంటానండీ, దానికి తగ్గ ముక్క చూసివ్వండి."

"దానికి నాదాకా ఎందుకమ్మా? ఆ మలుపులో చెప్పులు కుట్టేవాడున్నాడు. అరిగిన అట్టలు ఊరికే ఇస్తాడు."

వరసలో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. మదాం వుయోఁ చెవులు ఎర్రబడ్డాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆన్సెల్మ్ భార్య సిదోనీ మాత్రం తలొంచుకుని చిల్లర సర్దింది.

ఎద్దు ఎంత పెద్దదైనా దాని కడుపులో, వెన్ను కింద వేలాడే ముక్క ఒక్కటే. వంటవాళ్ళు ఓంగ్లే అంటారు. చూపుకి ఆనదు, రుచికి రాజు. అందుకే ఏ కసాయీ దాన్ని అమ్మడు, ఇంటికి పట్టుకుపోతాడు. ఊళ్ళో దాని పేరే కసాయి ముక్క. ప్రతి గురువారం ఆన్సెల్మ్ దాన్ని తనే వండి, పెద్దసగం పెళ్ళాం పళ్ళెంలో వేసేవాడు. ఇంతకన్నా ప్రేమ ఎలా చూపించాలో అతనికి తెలియదు. ఆ పూట వాళ్ళ పెంపుడు కుక్క సిదోనీ కుర్చీ కిందనుంచి కదిలేది కాదు.

"దీనికి నీమీదే ప్రేమెక్కువే," అనేవాడు ఉడుక్కుంటూ.

"గుణం చూసి," అనేదామె.

కుక్క పోయాక సిదోనీ గురువారాలు సరిగా తినకపోవడం అతను గమనించాడు. దానిమీద బెంగ కాబోలనుకున్నాడు.

కొట్టు అమ్మేసిన మరుసటేడు సిదోనీ మంచం పట్టింది. కడుపులో పుండు, కోసినా లాభం లేదన్నారు. నాలుగు మెతుకులు లోపలికి పోతే మనిషి కొన్నాళ్ళు నిలుస్తుందన్నాడు డాక్టరు. ఆమె సూపు తోసేసింది, గుడ్డు తోసేసింది. ఇక మిగిలింది ఒక్కటేననుకున్నాడు ఆన్సెల్మ్. కోటు తొడుక్కుని తన పాత కొట్టుకే వెళ్ళి, జన్మలో మొదటిసారి బల్లకి ఇవతలివైపు వరసలో నిలబడ్డాడు.

కొట్టు కొనుక్కున్న రెజిస్ ఆశ్చర్యపోయాడు. "ఏం కావాలి పెద్దాయనా?"

"కసాయి ముక్క," అన్నాడు. ఇంకొక కసాయి నోటి దగ్గరి ముక్క అడగడమంటే ఏమిటో అతనికన్నా ఎవరికి తెలుసు? "సిదోనీకి..."

రెజిస్ లోపలికెళ్ళి తనకోసం దాచుకున్నది తెచ్చి కాగితంలో చుట్టాడు. "డబ్బుల మాటెత్తావంటే కత్తి పుచ్చుకుంటాను. ఫో!"

ఆన్సెల్మ్ ఎన్నడూ అంత శ్రద్ధగా వండలేదు. ఉల్లిగడ్డలు సన్నగా తరిగి వెన్నలో వేయించాడు. ముక్క కోసి చూపించాడు. ఎర్రటి రసం పళ్ళెం అంచుదాకా పాకింది. సిదోనీ కళ్ళు మూసుకుంది.

"ముసలోడా," అంది నెమ్మదిగా. "ఒక్కసారి... బాగా కాల్చి పెట్టవూ?"

అతనికి కాసేపు అర్థం కాలేదు. "నీకిలా ఇష్టం లేదా? ఎప్పట్నించి?"

"పెళ్ళైన వారం నించి."

"మరి చెప్పలేదేం?"

"చెప్పినవాళ్ళని నువ్వేమనేవాడివో గల్లా దగ్గర కూర్చుని రోజూ వినేదాన్నిగా!"

"మరి ఇన్నాళ్ళూ..."

"కుక్క తినేది. నేను రొట్టె తినేదాన్ని."

పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. ఆ ముక్కని ఎక్కువసేపు కాలిస్తే బిగుసుకుపోతుందని తెలుసు. అయినా అడిగింది సిదోనీ. ఎరుపన్నది లేకుండా కాల్చాడు, గోరంత ముక్కలుగా తరిగాడు. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. నమలలేక చేతిరుమాల్లోకి తీసేసింది.

"బావుంది," అంది.

"అబద్ధం."

"అబద్ధమే. నాకు అలవాటేగా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమెకి నవ్వితే నొప్పి, అందుకని ఆపుకున్నారు. ఆ పైన ఆమె ఏమీ తినలేదు. మరో గురువారం చూడలేదు.

శ్మశానం నుంచి అందరూ హోటలుకి భోజనానికి వెళ్ళారు. వడ్డించే అమ్మాయి ఆన్సెల్మ్ వైపు చూడనైనా చూడకుండా "మీకు సేన్యాఁ, అంతేగా?" అని వెళ్ళబోయింది.

"కాదు," అన్నాడు. "బాగా కాల్చమను."

రెజిస్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. వచ్చిన ముక్క నిజంగానే చెప్పు అట్టలా ఉంది. ఆన్సెల్మ్ కోశాడు, నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు. అది మింగుడు పడటం లేదు. ఉమ్మెయ్యడానికి మనసొప్పడం లేదు. దవడలు నొప్పెడుతున్నా కళ్ళు దించుకుని నములుతూనే ఉన్నాడు.

ఎదురుగా కూర్చున్న మదాం వుయోఁ, ఆవపిండి ముద్ద ఉన్న గిన్నె మెల్లగా అతని వైపు జరిపింది.

"ఇది కాస్త రాసుకోండి," అంది. "దిగుతుంది."