కుళ్ళిన కొబ్బరికాయ

మొన్న మధురవాడలో మా అపార్ట్‌మెంటు కింది కొట్లో కొబ్బరికాయ కొంటూ, అనుకోకుండా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. దేవుడున్నాడన్న వాళ్ళనీ నమ్మను, లేడన్న వాళ్ళనీ నమ్మను. ముప్పై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పిన మనిషిని, ఎవరేం చెప్పినా రుజువు అడుగుతాను. పూజ మా ఆవిడది, కాయ తేవడం వరకే నాది. ఆ ఊపడం మాత్రం యారాడలో మా మావయ్య దగ్గర అబ్బింది.

మావయ్యకి సొంత పడవ ఉండేది. నా తమ్ముడు అందులోనే చేపల వేటకి వెళ్ళేవాడు. పడవ కదిలేముందు గంగమ్మకి కాయ కొట్టేవారు. కాయ కుళ్ళిందంటే ఆ రోజు ఎంత మొనగాడైనా పడవెక్కడు. పడవలో జీపీఎస్ కూడా ఉండేది, దానికీ పసుపూ కుంకుమా. ఏది పనిచేస్తోందో తేల్చుకోకుండా రెంటికీ దణ్ణం పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేను యారాడలో ఉన్న ఒకరోజు పొద్దున్నే నా ఫోనుకి గాలివాన హెచ్చరిక వచ్చింది. సముద్రం చూస్తే కదలకుండా పడి ఉంది. వెళ్ళొద్దని తమ్ముణ్ణి బతిమాలాను. ఆ ఫోను ఇప్పటికి రెండుసార్లు అబద్ధం చెప్పిందని నవ్వేశాడు. మావయ్య ఆ హెచ్చరిక నా చేత రెండుసార్లు చదివించుకుని, సంచిలోని కాయలు ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపాడు. మూడోది చప్పుడు చెయ్యలేదు. దాన్నే కొట్టాడు. లోపలంతా కుళ్ళు. తమ్ముడు పడవలోంచి వల ఒడ్డు మీదికి దింపేశాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. వెళ్ళిన పడవొకటి మర్నాటికి గానీ ఒడ్డుకు చేరలేదు.

సాయంత్రం నిలదీద్దామని వెళ్ళాను. గంగమ్మ గుడి ముందు మావయ్య ఒక్కడే, మంచి కాయ కొట్టి లెంపలేసుకుంటున్నాడు. కావాలనే కుళ్ళింది ఏరావు కదా అన్నాను.

"ఏరినాను. నీ మాట ఆడు ఇన్నేదు, అమ్మ మాటైతే ఇంటాడు. అమ్మ పేరు సెప్పి అబద్దమాడినాను. అందికే తప్పైపోనాదని సెప్పుకుంతన్నాను."

"అయితే అమ్మ ఉందంటావా?"

"లేనోలికి ఎవులైనా లెంపలేసుకుంతారేటి?"

ఆ జవాబు మీదా నాకు అనుమానమే. నా నోరు మూయించడానికి ఏరిన ఇంకో కాయేమో అది. మావయ్య పోయి మూడేళ్ళయింది. పడవ తమ్ముడు నడుపుతున్నాడు, ఫోను చూశాకే కాయల సంచిలో చెయ్యి పెడతాడట. మొన్న కొట్లో నా చేతిలో కాయ గలగలమంది, ప్రాణం హాయిగా అనిపించింది. ఎందుకని రుజువు అడగలేదు. దేవుడి మీద ఉండాల్సిన అనుమానం ఇన్నేళ్ళలో కొంచెం కొంచెంగా జరిగి నా మీదికి వచ్చినట్టుంది.