అత్తయ్య స్టాపు

స్టాపు దగ్గర పడగానే కండక్టరమ్మ కలం కొప్పులో గుచ్చుకుంటుంది. ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. ఇంట్లోనూ అంతే. కలం లేని రోజున చెయ్యి ఊరికే కొప్పు దాకా వెళ్లొస్తుంది. అది చూసి భర్త మెల్లిగా వసారాలోకి తప్పుకుంటాడు.

తొమ్మిదో నంబరు బస్సులో ఆవిడది పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. ఆ దారిలో ఒకప్పుడు ట్రాము నడిచేది. పట్టాలు పీకేశారు. బస్సులు వచ్చాయి. స్టాపులు పదకొండని కాగితం మీద ఉంది. బస్సు మాత్రం పన్నెండు చోట్ల ఆగుతుంది.

ఆ పన్నెండోది ఆవిడ పుణ్యమే. ఉద్యోగంలో చేరిన వారానికి అత్తగారు అదే బస్సెక్కింది. మలుపులో ఉన్న దర్జీ దుకాణంలో గుండీలు కుట్టడం అత్తగారి పని. మోకాళ్లు అప్పటికే మొరాయించాయి. కోడలు మలుపులో బస్సు ఆపించి, "అత్తయ్యా, దిగండి!" అని గట్టిగా అరిచింది. వెనక సీట్లవాళ్లు అది స్టాపు పేరనుకున్నారు. ఇద్దరు దిగిపోయారు కూడా. మర్నాడు ఒకాయన, "అత్తయ్యకి ఒకటివ్వమ్మా" అని టికెట్టు అడిగాడు. అంతే, ఆ పేరు ఊరంతా పాకింది.

ఇన్నాళ్లకు ఆఫీసువాళ్లు బస్సుల్లో స్టాపుల పేర్లు పలికే డబ్బాలు పెట్టాలనుకున్నారు. ముందుగా ఒక అధికారి జాబితా పట్టుకుని బస్సెక్కి సరిచూసుకుంటాడట. సంగతి తెలిసిన సాయంత్రం కండక్టరమ్మ చెయ్యి కొప్పు దాకా వెళ్లింది.

"రేపొక్కరోజు ముందు స్టాపులో దిగి నడవండి, అత్తయ్యా."

"నడిచే కాళ్లుంటే నీ బస్సెందుకే నాకు?"

"లేని స్టాపు పెట్టానని తెలిస్తే నన్ను బస్సు దింపేసి డిపో గేటు దగ్గర కూర్చోబెడతారు."

"కూర్చోబెట్టడం శిక్షటే? అదేదో నన్ను కూర్చోబెట్టమను."

మర్నాడు అధికారి ముందు సీట్లో కూర్చున్నాడు. ఒక్కో స్టాపుకీ ఒక్కో టిక్కు పెడుతున్నాడు. మలుపు దగ్గర పడింది. కండక్టరమ్మ కలం చేతిలోనే పట్టుకుంది. నోరు మూసుకుంది. గంట కొట్టలేదు. కానీ పద్దెనిమిదేళ్ల అలవాటు డ్రైవరు కాలిది. బ్రేకు పడింది. బస్సులో సగం మంది లేచారు.

"ఎందుకాపావయ్యా?"

"మలుపండీ" అన్నాడు డ్రైవరు.

"మలుపైతే వీళ్లంతా లేచారేం?"

"అత్తయ్య వచ్చిందిగా సార్!" ఎవరో అరిచారు.

"ఎవరి అత్తయ్య?"

బస్సంతా కండక్టరమ్మ వైపు చూసింది. "మా అత్తయ్యేనండీ" అంది ఆవిడ.

అత్తగారు కమ్మీ పట్టుకుని లేచింది. కోడలి వంట గురించి ఇరుగుపొరుగుకి ఆవిడ చెప్పని మాట లేదు. ఇప్పుడు ఇక్కడేం అంటుందో!

"దీన్నేం అనకు నాయనా. నేను కాపురానికొచ్చేనాటికే ట్రాము ఇక్కడ ఆగేది. పట్టాలు పీకారు సరే, మా మోకాళ్లు మాతోనే ఉన్నాయిగా!"

అధికారి దిగేవాళ్లను లెక్కపెట్టాడు. పద్నాలుగు మంది. జాబితాలో ఉన్న కిందటి స్టాపులో దిగింది ముగ్గురే. ఆయన జాబితా అడుగున ఒక గీత గీశాడు.

"పేరు?"

"గారు పెట్టి రాయి" అంది అత్తగారు, మెట్టు మీద నుంచే.

"గడి చిన్నదమ్మా" అని ఆయన 'అత్తయ్య' అని మాత్రం రాసుకున్నాడు.

నెల తిరక్కుండా డబ్బా వచ్చింది. మొదటిరోజే అది చల్లని గొంతుతో, "తదుపరి స్టాపు, అత్తయ్య" అంది. కండక్టర్లు ఇక అరవక్కర్లేదని ఉత్తర్వు. ఆ రాత్రి అత్తగారు కంచం ముందు ముభావంగా కూర్చుంది.

"ఏమైందత్తయ్యా? స్టాపు నిలబడిందిగా?"

"అదెవత్తె నన్ను అత్తయ్యా అనడానికి? గారు లేదు, దిగండి లేదు. నాకున్నది ఒక్కతే కోడలు."

కండక్టరమ్మ ఇంకో గరిటె కూర వేసింది. అత్తగారు ఉప్పు తక్కువైందంది.

మర్నాడు పొద్దున మలుపు దగ్గర డబ్బా తన మాట తాను చెప్పుకుంది. కండక్టరమ్మ దాన్ని ముగించనిచ్చింది. కలం కొప్పులో గుచ్చుకుంది. వెనక సీట్లదాకా వినబడేలా, "అత్తయ్యగారూ, దిగండి!" అంది.