గురువులు తాతకు పడిన ఓట్లు

1956. మలయాలో బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేట్‌లో నేను డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే కట్లు కట్టేవాడే అనుకునేరు. డాక్టరు ఎప్పుడో గాని రాని చోట సూది, మందు, పురుడు అన్నీ అతని నెత్తినే. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి విరేచనాలే. కారణం నాకు తెలుసు, మేనేజరుకీ తెలుసు. లైన్ ఇళ్లలోని కూలీలు కాలవ పక్క తొట్టి నీళ్లు తాగేవారు. పైపు నీళ్లు మేనేజరు బంగళా దాకా వచ్చి ఆగిపోయాయి.

ఆ యేడు కూలీల యూనియన్ శాఖకు ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. అప్పలసామి నిలబడ్డాడు. కాయలు ఒలిచే మనిషి, మాట కటువు. లైన్లకు పైపు వేసేదాకా మేనేజరును వదిలిపెట్టనన్నాడు. అతనికి పోటీ కంగాణీ సన్యాసి, అంటే కూలీల మీద మేస్త్రీ. మేనేజరు దగ్గర చేతులు కట్టుకోవడం తప్ప ఎరగని మనిషి. సన్యాసి మనుషులే వెళ్లి గురువులు తాతను కూడా పోటీకి దించారు. అమ్మవారి గుడిలో దీపం పెట్టే పెద్దాయన. “పెద్దోడివి నువ్వుండగా ఇంకొకడేటి?” అని ఉబ్బేస్తే కాదనలేకపోయాడు.

కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. లైన్ల చుట్టూ ముళ్లకంచె. నలుగురు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే పోలీసు ప్రశ్నలు. అందుకని సభా లేదు, చర్చా లేదు. ఓట్లు ఆస్పత్రి వరండాలో వేయించి లెక్కపెట్టే పని యూనియన్‌లో లేని నాకు అప్పగించారు. తెర వెనక ముగ్గురికి మూడు పాలడబ్బాలు, మూడు రంగుల గుడ్డలు. చదువురాని వాళ్లెక్కువ కనుక, రోగుల వరస కోసం వాడే రేకు టోకెన్లనే ఓట్లుగా ఇచ్చాను.

తాత డబ్బా ఎత్తగానే బరువు తెలిసింది. సన్యాసి కొద్ది ఓట్లతో గెలిచాడు. అప్పలసామి పనిలోకి వెళ్లిపోయాడు.

తర్వాత మందుకు వచ్చినవాళ్లను కదిపి చూశాను. అందరిదీ ఒకటే మాట. బోడెమ్మ అయితే దాచుకోకుండా చెప్పింది.

“తాత గెలవడని తెలుసు గదయ్యా. అంత పెద్దోడు ఒట్టి డబ్బాతో ఇంటికెల్తే ఏటి బాగుంటాది? నా ఒక్కదాని ఓటే గదా. అప్పలసామికి ఊరంతా ఏస్తారనుకున్నాను.”

ప్రతి ఇల్లూ అలాగే అనుకుంది. పక్కింటివాళ్లు ఏమనుకుంటున్నారో అడిగే వీలు ఎవరికీ లేకపోయింది. సన్యాసి చుట్టాలు మాత్రం ఎవరి పరువు గురించీ ఆలోచించలేదు. నాకు కోపం రావలసింది. అంత మర్యాద తెలిసిన జనం మీద కోపం రాలేదు, జాలే వేసింది.

పైపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎండలకు తొట్టి అడుగంటింది. ఒక పొద్దున గురువులు తాత మనవరాలు నూకాలును భుజాన వేసుకొచ్చాడు. పిల్ల కళ్లు లోపలికి పోయాయి. డీహైడ్రేషన్, అంటే ఒంట్లో నీరంతా పోవడం. సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరకలేదు. రెండు చేతులూ, పాదాలూ వెతికాను. మధ్యాహ్నానికి పిల్ల పోయింది.

మరుసటి యేడు మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం వచ్చింది. జెండా ఎగిరింది, మిఠాయిలు పంచారు, నేనూ తిన్నాను. అప్పటి నుంచి ఎన్నో ఎన్నికలు చూశాను. గెలవడని తెలిసినవాడికి ముచ్చటపడి ఒక ఓటు పడేస్తానని ఎవరైనా అంటే, గెలవాల్సినవాడికి ఎవరు వేస్తున్నారో కనుక్కున్నావా అని అడుగుతాను. నాకు తెలిసిన రాజకీయం అంతే.

నూకాలు పోయిన రోజు పిల్లను గుడ్డలో చుట్టి ఇస్తున్నప్పుడు తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

“డ్రెస్సరయ్యా, నేను సుతా నా ఓటు అప్పలసామికే ఏసినాను. పైపు వస్తాదని. మరి నాకేసినోళ్లెవరయ్యా?”